మా సడ్డకుడు చేసిన గుట్టలెక్కే బండి

మా సడ్డకుడు పోయిండు. పొద్దుగాల నేను రేకు మీద గీతలు గీస్తున్న. నా భార్య ఫోను చెవికి పెట్టుకొనే కార్ఖానలకొచ్చి గడప మీద కూలబడ్డది. "మరిది పోయిండట. చాయ తాగుకుంటనే పక్కకు ఒరిగిండట" అన్నది. నాకు ముందుగాల ఏడుపు రాలే. చెప్తె మీరు తిడ్తరు గని, నా మనసుల పుట్టిన మొదటి మాట ఏందంటే, ఇందుల గూడ నాకంటె ముందట వడ్డడు కదా అని.

సడ్డకుడంటె తెల్వనోళ్లకు చెప్తున్న. మా ఇద్దరి భార్యలు సొంత అక్కచెల్లెండ్లు. నేను పెద్దల్లుణ్ని, ఆయన చిన్నల్లుడు. ఒక్క ఇంటికి ఇద్దరు అల్లుళ్లుంటె ఎట్లుంటదో అసొంటి ఇంట్ల ఎవలనన్న అడుగుండ్రి. ఎవలూ తక్కెడ పట్టుకోరు, తూకం మాత్రం నడుస్తనే ఉంటది. ముందుగాల ఎవలకు నీళ్లిచ్చిండ్రు, ఎవలకు మెత్తటి ముక్కలు ఏసిండ్రు, ఎవలు పోయేటప్పుడు అత్త సందు చివరిదాక వచ్చింది, అన్నీ కండ్లల్ల పడుతయి. ఆయన కండ్లల్ల పడేటివో లేదో నాకు తెల్వది. నా కండ్లల్ల మాత్రం పడేటివి.

మాది జనగామ. ఇత్తడి రేకు మీద బొమ్మలు కొట్టుడు మా తాతల కాన్నుంచి వస్తున్న పని. గుడి తలుపుల తొడుగులు, దేవుని వెనుక మకరతోరణాలు, సన్మానాలకిచ్చే షీల్డులు. ఆయన భూపాలపల్లి బొగ్గుబాయిల ఫిట్టరు. మా మామది మానుకోట. కాయితాలల్ల మహబూబాబాద్ అని రాస్తరు గని మా నోటికి మానుకోటే. మామ అవుసలాయన, బంగారం పని. పనితనం గురించి ఆయన మాటంటె మాకు కోర్టు తీర్పు. దేన్నన్న నిజంగ మెచ్చుకుంటె ఆయన నోటితోని చెప్పడు, అంగి జేబులకెళ్లి భూతద్దం తీస్తడు. పెండ్లయి ఇన్నేండ్లయినా నా పని మీదికి ఆ అద్దం ఒక్కసారి గూడ బయటికి రాలే. "మంచిగున్నది" అనేటోడు. ఆ మాట తోటకూర కట్టను చూసి గూడ అంటరు.

ఇగ బండి ముచ్చట. ఒకపాలి బాయి కాడికి రాళ్ల పరీక్ష కోసం ఒక ఇంజినీరు వచ్చిండట. ఆయన వేసుకొచ్చిన మోటరుసైకిలు మామూలుది కాదు. రోడ్ల మీదికి కాదు, గుట్టల మీదికి, బురదలకు చేసిన బండి. ముందటి మడిగార్డు చక్రానికి జానెడు పైన ఉంటది, టైర్లు గడ్డలు గడ్డలుగ ఉంటయి, షాకబ్జర్లు కొంగ కాళ్ల లెక్క పొడుగ్గ. ఆ ఇంజినీరు బాయి పక్కన పోసిన మట్టి గుట్టను దాని మీద ఎక్కి దిగిండట. మా సడ్డకుడు చూసి నోరు తెరిచిండు. ఇంజినీరు చాయ తాగెటంత సేపట్ల జేబుల ఉన్న దారం తీసి, బండి చుట్టు తిరుగుకుంట కొలిచి, కొలిచిన కాడల్ల ముడి ఏసుకున్నడు. ఇంటికొచ్చి ఒక్కొక్క ముడిని ఎనిమిదో వంతుకు దించి కాయితం మీద గీసిండు. ఆయనకు అసలు బండి కొనే తాహతు లేదు, మోకాలు దెబ్బతిన్నది గనక తోలే తాహతు గూడ లేదు. "చేతులైతె మంచిగున్నయి గదన్న, చేతులతోని ఎక్కుత గుట్ట" అన్నడు నాతోని.

అప్పుడే తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బాయిలు బంద్, బస్సులు బంద్, బడులు బంద్. మా మరదలు, ఆయన అంతకు ముందు దినమే మా ఇంటికొచ్చి ఉన్నరు. ఇగ పోయెతందుకు బస్సు లేదు. నాలుగు దినాలని వచ్చినోళ్లు నెల దాటేదాక మా ఇంట్లనే ఉన్నరు. ఆయన వచ్చుడు వచ్చుడే ఒక అట్టపెట్టె చంకల పెట్టుకొని వచ్చిండు, అందుల సగం చేసిన బండి. నా కార్ఖానల, నా పీట పక్కకే ఇంకొక పీట వేసుకొని కూసున్నడు.

నేను చూసిన. చూడకుండ ఎట్లుంట? చక్రాల పుల్లలు సైకిలు బ్రేకు వైరు పోగులు, ఒక్కోటి లాగి, నిటారు చేసి, రిమ్ముకు గుచ్చిండు. టైర్లు బొగ్గు మోసే బెల్టు రబ్బరు. దాని మీద గడ్డలను బ్లేడుతోని ఒక్కొక్కటి కోసిండు. చైను లంకెలు డబ్బా రేకువి, వేలికి తగిలితె మడత పడ్తది, ఇడిస్తె సాగుతది. సీటు పాత చెప్పు అట్ట మీద గుడ్డ కుట్టి చేసిండు. ఏ ముక్క చేసినా వెంటనే అతికియ్యడు. ముందట పెట్టుకొని చాయ తాగుతడు. "చెయ్యి ఆగితెనే గదన్న కన్ను పని చేసేది" అంటడు. నేనైతె జనమంత కొట్టుకుంటనే పోయినోణ్ని. ఆ మాట నాకు తగిలింది. నా కార్ఖానల కూసొని నాకే పని నేర్పుతడా అని లోపల మండింది.

ఆఖరుకు మిగిలింది పెట్రోలు ట్యాంకు. అది గుండ్రం కాదు, పలక కాదు, మోకాళ్లు ఆనే కాడ లోపలికి పోయి, పైన ఉబ్బి ఉంటది. దానికి ఇత్తడి రేకు కొట్టాలె. అన్న, జర రేకు ఇయ్యమన్నడు. ఇచ్చిన. కొట్టుడు మొదలు వెట్టిండు. వంపు తిరిగే కాడికి రాంగనే రేకు టిక్కుమని పగిలింది.

ఎందుకు పగిలిందో నాకు తెలుసు. ఇత్తడిని కొట్టుకుంట పోతె గట్టిబడ్తది. జర సేపు కొట్టంగనే ఎర్రగ కాల్చి సల్లార్చాలె, అప్పుడు మల్ల మెత్తగైతది, మల్ల కొట్టాలె. మా పనిల ఇది ఓనమాలు. ఆయన బాయిల నట్లు బోల్టులు ఇప్పి బిగించేటోడు, ఆయనకేం తెలుసు? ఒక్క మాట చెప్తె అయిపోయేది. నేను చెప్పలే.

"మల్ల పగిలిందన్న" అన్నడు, ఇంకో రేకు తీసుకొని.

"రేకు మంచిది కాదు కావచ్చు తమ్మి" అన్న. గా మాట అన్నది నేనే. నా తాతలు దేవుని లెక్క కొలిచిన రేకును పట్టుకొని మంచిది కాదన్న.

మీరు ఇంతే అనుకుంటరేమో, ఇంకుంది. నా పనికి గూడ కొలిమి కావాలె గద. ఆయన కండ్ల ముందట రేకు కాలిస్తె చూసి నేర్చుకుంటడని, ఆయన దినాం సమ్మె శిబిరం కాడికి పోయినంకనే కొలిమి ముట్టించేది. ఆయన వచ్చే యాళ్లకు బూడిద కప్పేది. నా భార్య ఇది కనిపెట్టింది. "ఏమన్న చెప్పరాదు ఆయనకు? పాపం వేళ్లు కోసుకపోతున్నయి" అన్నది. "పెద్ద ఫిట్టరాయె, ఆయనకు నేనేం చెప్త" అన్న. ఆమె నా దిక్కు చూసిన చూపు ఇప్పటికీ యాదికున్నది. ఎన్ని రేకులు పగిలినయో చెప్ప, సిగ్గైతది.

ఆఖరుకు ఏం చేసిండంటె, పగిలిన దాంట్ల జర మంచిదాన్ని ఏరి, పగులును లోపలికి నొక్కి, సొట్ట లెక్క చేసి, సందుల సీసం పోసి ఆకురాయితోని నున్నగ రాకిండు. దాని మీద రంగేసి, సొట్ట కాడ రంగును గోరుతోని లేపిండు. ఎర్రమట్టిని నూరి, మా మరదలు పాత చీర కొంగుల వస్త్రకాయం పట్టి, తుమ్మబంకల కలిపి, పండ్లు తోమే బ్రష్షుతోని చక్రాల మీదికి చిమ్మిండు. "చిన్న బండికి చిన్న మట్టే ఉండాలెనన్న, మామూలు మట్టి పెడితె బండరాళ్లు అంటుకున్నట్టు కనవడ్తది" అన్నడు. బండి ఇగ బొమ్మ లెక్క లేదు. ఇప్పుడే గుట్ట దిగి వచ్చి, ఎవలో స్టాండు ఏసి, నీళ్లు తాగుతందుకు పోయినట్టున్నది.

జనగామ రోడ్డు మీద వంటావార్పు పెట్టిన దినం నేను గూడ ఒకటి చేసి తీస్కపోయిన. రెండు జానల ఇత్తడి పలక, నడుమ బతుకమ్మ, చుట్టు తంగేడు పూల వరుస, కింద జై తెలంగాణ. దాని కోసం వారం కూసున్న. టెంటు కింద బల్ల మీద పెట్టిన. మా సడ్డకుడు దాని పక్కకు ఆయన బండి పెట్టిండు. ఇగ చూడాలె! పొయ్యిల కాడికెళ్లి గంటెలు చేతుల పట్టుకొనే వచ్చిండ్రు ఆడోళ్లు. "అవ్వో, చైను గూడ తిరుగుతుంది సూడే" అనుకుంట గుమిగూడిండ్రు. నా బతుకమ్మ మీద ఎవలో చాయ గిలాస పెట్టిండ్రు.

ఆ దినం మామ గూడ వచ్చిండు, ప్యాసింజరు రైలు నడిస్తె మానుకోటకెళ్లి. నా పలక చూసిండు. "మంచిగున్నది" అన్నడు. పక్కకు జరిగిండు. బండి ముందట వంగిండు. చెయ్యి అంగి జేబులకు పోయింది. నేను అటుదిక్కు చూడొద్దనుకున్న, చూసిన. భూతద్దం బయటికొచ్చింది. ఎంత సేపు చూసిండో! పుల్లలు, చైను, సీటు కుట్లు, ఒక్కొక్కటి. ట్యాంకు కాడ ఆగిండు.

"ఇది నీ చేతిల పగిలిందా, బండి పడ్డదా?" అని అడిగిండు.

"పడ్డ బండే మామ. గుట్ట కాడ పడి లేచింది" అని నవ్విండు మా సడ్డకుడు.

"ఏది నిజమో తెలుస్తలేదు. గదే పనితనం" అన్నడు మామ.

టెంటుల ఎవలో "ఎవల కాడ నేర్చుకున్నవే ఇత్తడి పని" అన్నరు. మా సడ్డకుడు నా బుజం మీద చెయ్యేసి, "ఇగో, మా అన్న పక్కన కూసొని చేసిన" అన్నడు. అందరు నా దిక్కు చూసి చప్పట్లు కొట్టిండ్రు. నాకు తల ఎత్తబుద్ధి కాలే. ఎక్కిరిస్తున్నడనుకున్న. చానేండ్లు అట్లనే అనుకున్న. తెలంగాణ వచ్చింది, బస్సులు నడిచినయి, ఆయన రిటైరైండు, పెండ్లిళ్లల్ల పేరంటాలల్ల ఎన్నో మాట్లు కలిసినం. ఎప్పుడు కలిసినా "అన్న, కార్ఖాన ఎట్లున్నది?" అని ముందుగాల నా పనినే అడిగేటోడు. రేకు మాట మాత్రం నేను ఎన్నడూ ఎత్తలే.

ఆయనను మట్టి చేసిన దినం భూపాలపల్లిల వాళ్ల వాకిట్ల నిలవడే జాగ లేదు. బాయి దోస్తులు, చాయ హోటలాయన, ఆయన మిషిన్లు బాగు చేసిచ్చిన దర్జీలు, అందరు కండ్లు తుడుచుకుంటున్నరు. నేను పోతె ఇంత మంది వస్తరా అనుకున్న. పాడె పక్కన నిలబడి అనుకునే మాటనా ఇది? అనుకున్న గని.

ఇంటికొచ్చి కార్ఖాన తలుపు ఏసుకొని కూసున్న. కొలిమి ముట్టించిన. రేకు కాల్చిన, సల్లార్చిన, కొట్టిన, మల్ల కాల్చిన. ఆయన గీసిన కాయితం నా కాడ ఒకటి ఉండిపోయింది, ఆ కొలతలతోనే కొట్టిన. ఎక్కడ సొట్ట లేదు, అతుకు లేదు. నా జనమల ఇంత మంచి వంపు తియ్యలే. పదకొండో దినం దాన్ని జేబుల ఏసుకొని భూపాలపల్లికి పోయిన. తిన్నోళ్లంత పోయినంక మరదల్ని అడిగి బండిని దాచిన అద్దాల పెట్టె తీయించిన. పాత ట్యాంకు తీసి నాది పెట్టిన. అచ్చుగుద్దినట్టు కూసున్నది.

కూసున్నది గని, బండి పోయింది. దుకాణంల అమ్ముకానికి పెట్టిన బొమ్మ అయింది. మట్టి చక్రాలు, గీసుకపోయిన మడిగార్డు, నడుమ తళతళ నా ట్యాంకు. ఎంత సేపు చూసినా నా కన్నుకు ఒప్పలే. మరదలు పాత ట్యాంకు చేతిల పట్టుకొని నిలబడ్డది.

ఇగ ఆపుకోలేకపోయిన. "మరదలా, ఆ రేకు పగిలేది కాదు. కాల్చి కొట్టాలె. నాకు ఎర్కనే. చెప్పలే" అన్న.

"ఆయనకు గూడ ఎరుకే బావ" అన్నది. "శిబిరంకెళ్లి వచ్చి బూడిదల చెయ్యి పెడితె వెచ్చగుండెనట. రేకు కాల్చాలెనని అప్పుడే సమజైందట. 'అన్న మనం లేనప్పుడే కొలిమి ముట్టిస్తున్నడే' అన్నడు నాతోని."

"మరెందుకు అడగలే?"

"నేను గూడ గదే అడిగిన. 'అన్నకు మాట గొంతుదాక వచ్చి ఆగుతుందే, అడిగి పరేషాన్ చేసుడెందుకు' అన్నడు. మా ఇంటికి పోయినంక 'కాల్చి కొత్తది చేస్కోరాదు' అని అడిగిన. 'గిదే మంచిగుందే, అన్న పక్కన కూసొని చేసింది' అన్నడు."

ఎక్కిరింత కాదు మరి. మంచితనంల గూడ నన్ను గెల్వనియ్యలేదు. అంత దుఃఖంల గూడ ఆయన మీద కుళ్లు పుట్టింది నాకు, సచ్చిపోయి గూడ ఇంత పెద్దగ ఎట్లున్నవురా తమ్మి అని. మరదలు లోపలికి పోయింది. నేను నా ట్యాంకు ఊడదీసి, ఆయనది దాని జాగల పెట్టిన.

అర్రల ఎవలు లేరు. "తమ్మి" అన్న, బండి దిక్కు చూసుకుంట. "రేకు గట్టిబడ్డది. ఎర్రగ కాల్చు, సల్లార్చు, అప్పుడు కొట్టు." గంతే మాట. ఆయన పక్క పీట మీద ఉన్నప్పుడు చెప్తె నిమిషం గూడ పట్టకపోవు. నా చేతిల కొత్త ట్యాంకు మీద చెమట వేలిముద్రలు పడ్డయి. తుడువకపోతె ఇత్తడి ఆడాడ నల్లబడ్తది. నేను తుడువలే.