లాకుల దగ్గర సగం దూరం

నా చిన్నప్పుడు నన్ను బడిలో వెయ్యలేదు. ముందు తమ్ముళ్ళని ఎత్తుకోవడానికి, వాళ్ళకి నడకలొచ్చాక అమ్మమ్మ వెంట ఎండుచేపలు మోయడానికి ఇంట్లో నా అవసరం ఉండేది. మనవరాలు పుట్టాక, పోయిన ఏడాది, మా చర్చిలో పాస్టరమ్మగారు ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పుతుంటే వెళ్ళి కూర్చున్నాను. ఈ సంగతి కాగితం మీద పెట్టడానికి అందుకే ఇన్నాళ్ళు పట్టింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా అమ్మమ్మ మంగళవారం, శుక్రవారం నరసాపురం వైపు నుంచి పొద్దుటి ప్యాసింజరెక్కి, భీమవరానికి ఇవతల ఒక చిన్న స్టేషన్లో దిగేది. కాలవగట్టు పట్టుకుని ఊరూరా తిరిగి, వేరే దారిన మళ్ళీ అదే స్టేషనుకి చేరి, సాయంత్రం బండికి ఇంటికొచ్చేది. వెళ్ళిన దారినే వెనక్కొస్తే కొనేవాళ్ళు ఉండరు కదా.

ఆ ఏడు ఆవిడకి నడుం పట్టేసి రెండు వారాలు కదల్లేకపోయింది. మూడో వారం కూడా వెళ్ళకపోతే వాడుక ఇళ్ళన్నీ ఇంకొకామె పట్టుకుపోతుందని భయం. ఆ వాడుకే మా ఇంటి తిండి. అందుకని ఆ మంగళవారం నన్ను తోడు తీసుకెళ్ళింది.

చేపలు అమ్ముడయ్యేకొద్దీ బరువు తగ్గుతుందనుకున్నాను. కోతలైన రోజులవి. కూలి చేసుకునేవాళ్ళు డబ్బులివ్వరు, ధాన్యం కొలిచి పోస్తారు. దోసెడు ఎండు నెత్తళ్ళు పోతే తవ్వెడు ధాన్యం వచ్చిపడేది. అమ్మమ్మ గంప తేలికవుతుంటే నా నెత్తిమీద సంచి బరువెక్కింది. దానికితోడు వరిచేలు రొయ్యల చెరువులైపోయి, పాత అడ్డదారులు తెగిపోయాయి. ప్రతి చెరువూ చుట్టూ తిరిగి వెళ్ళాలి.

కాలవ నీళ్ళని తలుపులేసి ఆపే లాకుల దగ్గరకొచ్చేసరికి కూలబడిపోయాను. ఇంక రాను, స్టేషనుకి పోదామని ఏడ్చాను. అమ్మమ్మ తిట్టలేదు. గంప దించుకుని నా పక్కనే కూర్చుంది.

"పోదాంలేవే. కానీ ఇక్కడికి సరిగ్గా సగం. వెనక్కెళ్ళినా అంతే, ముందుకెళ్ళినా అంతే. వెనకాలవాళ్ళు కొనేసుకున్నారు. ముందువాళ్ళు పొయ్యిమీద కూర పెట్టకుండా మనకోసం చూస్తుంటారు. నీ ఇష్టం" అంది.

ఎంత ఆలోచించినా ఆవిడ చెప్పిందే సరిగ్గా ఉన్నట్టనిపించింది. లేచాను.

ఆ మిగిలిన సగం ఎంతకీ తరగలేదు. ఊరు వెనక ఊరు వస్తూనే ఉంది. ఒక ఇంట్లో ఉప్పేసిన మజ్జిగిచ్చారు. ఇంకో ఇంట్లో ఇల్లాలు, "ఏమైపోయావు మామ్మా? మొన్న ఇంకెవరో వచ్చింది. నువ్వొస్తావని కొనలేదు" అంది. అమ్మమ్మ ఇంకో గుప్పెడు నెత్తళ్ళు ఎక్కువేసింది.

స్టేషన్లో, అవే ఊళ్ళు తిరిగి పెరుగమ్మే ఆవిడ కనిపించింది. ఎంత దూరం నడిచానో ఆవిడకి గొప్పగా చెప్పాను.

"లాకుల దగ్గర సగమేంటే పిచ్చిదానా! లాకుల్లోపు రెండూళ్ళు, లాకులు దాటాక ఆరూళ్ళు!" అని పడీపడీ నవ్వింది. అమ్మమ్మ పట్టాలకేసి చూస్తూ కూర్చుంది.

బండెక్కాక అమ్మమ్మకి దూరంగా జరిగి కూర్చున్నాను. "నిజం చెబితే లేచేదానివా?" అని ఆవిడే అడిగింది. లేచేదాన్ని కాదు. ఆ మాట ఒప్పుకోవడానికి ఓపిక లేక కళ్ళు మూసుకున్నాను.

ఆ అబద్ధం మా వాడుకని నిలబెట్టింది, కాదనను. కానీ దూరాన్ని తగ్గించి చెప్పేవాళ్ళ మాట అప్పట్నుంచీ నా చెవికెక్కదు. అక్షరాలు నేర్చుకునేటప్పుడు పాస్టరమ్మగారు కూడా "ఇంకెన్నో లేవమ్మా, అయిపోవచ్చాయి" అన్నారు. గుణింతాలు, ఒత్తులు, ఇంకా ఏమేం ఉన్నాయో అన్నీ ఇప్పుడే చెప్పెయ్యండి అన్నాను. వింటుంటేనే అలసటొచ్చింది. అయినా మానలేదు.

ఆ నడక మర్నాడు పొద్దున్న, అమ్మమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని మోకాళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటోంది. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఎనిమిదూళ్ళ పేర్లూ వరసగా చెప్పమన్నాను. చెప్పింది. ఎక్కడ మంచినీళ్ళిస్తారో, ఎక్కడ కుక్కలుంటాయో, ఎక్కడ బొత్తిగా నీడ ఉండదో కూడా చెప్పింది. అన్నీ తప్పు లేకుండా ఆవిడకే అప్పచెప్పాను. తరవాత, శుక్రవారం బండి ఎన్నింటికని అడిగాను.