సిరా కింద పేరు

నవంబరు పదిన మధ్యాహ్నం రెండు గంటలకు సరిహద్దులోని సైనిక పోస్టుకు చేరాం. పదమూడు వేల అడుగుల ఎత్తు. రాతి గోడల బంకరు ఒకటి, మనుషులం తొమ్మిదిమంది. నిలబడితే తల కప్పుకు తగిలేది. మంచు పడితే ఏప్రిల్ దాకా కిందికి దిగే దారి ఉండదన్నారు.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న ఒక నవలా రచయిత విజయవాడ పటమటలో మా ఇంటికి వచ్చారు. పాత యుద్ధాల మీద నవల రాస్తున్నారట. "సేనాధిపతుల సంగతి పుస్తకాల్లో దొరుకుతుందండీ. మామూలు సిపాయి ఎలా బతికాడో మీరే చెప్పాలి" అన్నారు. బూట్ల బరువు చెప్పాను. గడ్డకట్టిన పప్పును గొడ్డలితో కొట్టడం చెప్పాను. "మీ ఉత్తరాలు ఎవరు చదివి పంపేవారండీ?" అని అడిగారు. "ఆఫీసరు" అన్నాను. అది అబద్ధం.

ఆఫీసరుకు తెలుగు రాదు. పోస్టులో తెలుగువాళ్లం ఇద్దరమే, నేనూ, ఉయ్యూరు నుంచి వచ్చిన వంటవాడూ. వాడి ఉత్తరాలు నేనే చదవాలి. మంచు, దారి, చోటు గురించి ఉంటే శత్రువుకు తెలియకుండా కొట్టెయ్యాలి.

"ఏరా దొరా, మా ఆవిడకు రాసిన ముద్దుమాటలు కూడా వదలవా?" అనేవాడు.

"నీ అక్షరాల కన్నా నీ చపాతీలే గుండ్రంగా ఉంటాయిరా" అనేవాణ్ణి.

డిసెంబరు మూడున మా ఉత్తరాలు మోసుకుని చివరి కంచరగాడిదలు కిందికి బయల్దేరాయి. వాడి భార్యకు నెలలు నిండాయి. ఇన్‌లాండు ఉత్తరం చివర నాలుగు వరుసలు ఇరికించి రాశాడు. "మంచుకు దారి మూసుకుపోతోంది. ఉత్తరం రాకపోతే బెంగపడకు. ఆడపిల్లయితే సువార్త అని పెట్టు. మా అమ్మ పేరు."

గాడిదలవాడు కేకలేస్తున్నాడు. మొదటి వాక్యం ఒక్కటే కొడితే సరిపోయేది. నాలుగు వరుసలూ సిరాతో పూసేశాను. వాడికి చెప్పలేదు.

తర్వాత మంచు తలుపు దాకా వచ్చింది. పొద్దున్నే పారలతో తవ్వుకుని బయటపడేవాళ్లం. బయటా నలభై అడుగులకు మించి నడిచే చోటు లేదు. జనవరిలో వంటవాడికి ఊపిరి అందలేదు. రేడియో ఆపరేటరు మూడు రోజులు హెలికాప్టరు కోసం పిలిచాడు. ఒకటే జవాబు: "వాతావరణం బాగాలేదు. ఆగండి."

"ఈపాటికి పేరు పెట్టేసే ఉంటుంది కదరా?" అన్నాడు వాడు.

"పెట్టేసే ఉంటుంది" అన్నాను.

నాలుగోరోజు ఉదయం ఆరింటికి పోయాడు.

మే నెలలో విజయవాడలో రైలు దిగి, ఉయ్యూరు బస్సెక్కాను. వాడి భార్య ఐదు నెలల ఆడపిల్లను ఎత్తుకుని వాకిట్లోకి వచ్చింది.

"పిల్లకు పేరు రాసి పంపుతానన్నారండీ ఆయన. అందుకే బాప్తిస్మం ఆపాం. ఈ నలుపు కింద ఏముందో మీకేమన్నా తెలుసా అన్నయ్యగారూ?"

పూసిన చెయ్యి నాదని చెప్పలేకపోయాను. పేరు చెబితే అది కూడా చెప్పాలి.

"తెలియదమ్మా" అన్నాను.

పిల్లకు ఆ తర్వాత వేరే పేరు పెట్టారని విన్నాను. ఆ పేరు ఏమిటో అడగలేదు.

ఆ రోజు వాకిట్లో ఆమె నన్ను అనుమానించలేదు. ఇన్‌లాండును విప్పి, ఎండకెత్తి, కళ్లు చికిలించి చూసింది. నాలుగు వరుసల నలుపు నీడ పిల్ల ముఖం మీద పడింది. పిల్ల నవ్వుతూ దాన్ని పట్టుకోబోయింది.