నీళ్లు కలిపిన కూర

గరిటెతో కూర తీసి, ఎడమ అరచేతిలో చుక్క వేసుకుని, కళ్లు మూసుకుని రుచి చూసేదాకా పెద్దవంటాయన గిన్నెను వంటగది దాటనివ్వడు. ఆ రోజు హోటల్ యజమాని బేరాలు పెరగాలని అందరికీ ఉచిత భోజనం అన్నాడు. జనం విరగబడ్డారు. తోపులాటలో అద్దం తలుపు ఊడి వచ్చింది. పెద్దవంటాయన రెండో గిన్నెకు ఉల్లిపాయలు వేయిస్తుంటే వెనక బకెట్ వంచిన చప్పుడైంది. తిరిగి చూస్తే, వండి దించిన మొదటి గిన్నె దగ్గర, తను దగ్గరుండి పని నేర్పిన మేనల్లుడు.

“ఏం పోశావురా అందులో?”

“వేడినీళ్లే మామయ్యా. ఊరికే తినేవాడు రుచి అడుగుతాడా? బయట కొట్టుకు చస్తున్నారు!”

పెద్దవంటాయన ఆ కూర చుక్క నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పు లేదు, కారం లేదు, కాగిన నీళ్ల చప్పదనం. వద్దనేలోపే గిన్నె వడ్డనకు వెళ్లిపోయింది. పరువు పోయిందనుకుంటూ కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. రోజూ ఆయన వంట మెచ్చుకుని మరీ వెళ్లే బట్టలకొట్టు పెద్దమనిషి పళ్లెం ఊడ్చేసి, వేళ్లు నాకుతూ చెయ్యి ఊపాడు.

“ఇవాళ మరీ అదరగొట్టావయ్యా! ఏం చెయ్యి నీది!”

“విన్నావా మామయ్యా?” అని పక్కన మేనల్లుడు పకపకా నవ్వాడు.

వాడి మీద రావలసిన కోపం రాలేదు. పెద్దవంటాయన ఆ పెద్దమనిషినే చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్లూ ఆ నాలుకనే నమ్ముకుని వండాడు.