మంచివి ఒకపక్క, పగిలినవి ఒకపక్క

నా అంత తెలివైన టీచరు లేదని మురిసిపోయిన రోజు ఒకటుంది. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కళ్యాణదుర్గం రోడ్డు దిగి లోపలికి వస్తే మా ఊరు. అక్కడి అంగన్‌వాడీలో మూడు నాలుగేళ్ల పిల్లలకు నేను టీచరుని. పలక పట్టకముందే పిల్లల కళ్లూ వేళ్లూ కుదురుకోవాలని, ఇంట్లో అమ్మానాన్నలు ఆడించాల్సిన ఆటల కాగితం ఒకటి మాకు ఇచ్చారు. వారానికో ఆట. ఆడించి, ఫోటో తీసి, ఫోన్ గ్రూపులో పెట్టాలి. ఫోటో రాలేదో, సూపర్‌వైజరు మేడమ్ ఫోన్ చేసి దులిపేస్తుంది. పిల్లలు ఏం నేర్చుకున్నారని ఆమె ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఆ వారం కాగితంలో పూసల ఆట వచ్చింది. పెద్ద పూసలు, చిన్న పూసలు వేరు చేయించాలట. మా ఊళ్లో ఎవరింట్లో ఉండి ఏడ్చాయి పూసలు! జూన్ దగ్గర పడింది, ఏ ఇంట చూసినా విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్నారు. ఠక్కున నా బుర్ర వెలిగింది. "పూసలు లేకపోతే పాయ, చెనిక్కాయ గింజలుండాయి కదా! మంచివి ఒకపక్క, పగిలినవి ఒకపక్క పెట్టమనండి పిల్లోళ్లను" అని గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను.

ఒక్క తల్లి తప్ప ఎవరూ పట్టించుకోలేదు. ఆమె పెద్ద రైతుల కాయలు ఇంటికి తెచ్చుకుని కూలికి ఒలిచే మనిషి. నాలుగేళ్ల కూతురు నా దగ్గరికి వచ్చేది కానీ నోరు విప్పేది కాదు. ఫోటోలో ఆ పిల్ల చేట ముందు బాసిపట్టు వేసుకుని నవ్వుతోంది. చేటలో రెండు కుప్పలు. ఒక్క పగిలిన గింజ కూడా మంచివాటిలో లేదు. నాకు కాలు నిలవలేదు. ఈ అమ్మను చూసి నేర్చుకోండి అని గ్రూపులో అందరికీ చెప్పాను. మేడమ్ ఆ ఫోటోను మీటింగులో అందరికీ చూపించింది.

సోమవారం ఆ పిల్ల రాలేదు. మంగళవారం రాలేదు. వారమంతా రాలేదు. జ్వరమేమోనని వాళ్లింటికి వెళ్లాను.

వసారాలో కాయల మూటలు. అవ్వ తడుముకుంటూ ఒలుస్తోంది, తల్లి ఒలుస్తోంది, పిల్ల చేటలో గింజలు ఏరుతోంది. ఆ చిన్న వేళ్ల చివర్లు ఎర్రగా కంది, తోలు లేచిపోయి ఉన్నాయి.

"ఏమ్మా, పిల్లను ఎందుకు పంపలేదు?" అన్నాను తల్లితో.

"నువ్వే కదా టీచరమ్మా నేర్పిస్తివి!" అంది ఆమె సంతోషంగా. "మా యమ్మకు కండ్లు కనపడవు. పగిలినేటివి మంచివాట్లో కలిపేసిందని పోయినేడు కాయలిచ్చిన రైతు తిట్టిపోసినాడు. ఈ పిల్ల చూడు, ఒక్కటి తప్పు పోనీదు. నీ పుణ్యమే."

"అది ఆటమ్మా తల్లీ, ఆట! ఇంత పిల్లతో పని చేపిస్తాండావే, సిగ్గుండాదా నీకు?" నోటికొచ్చినట్టు అరిచాను.

ఆమె కూడా అరిచి ఉంటే బాగుండేది. నా మొహం వంక అయోమయంగా చూసింది. "మంచి పని చేసినావని నువ్వే అందరికీ చెప్తివి కదా టీచరమ్మా. వానొచ్చేలోపల ఒలిచి ఇయ్యకపోతే మళ్లీ మాకు కాయలియ్యరు. విత్తనం పడినంక పంపిస్తాలే" అంది.

పిల్ల ఒక గింజ పైకెత్తి చూపించి, "ఇది పుచ్చుది, విత్తనానికి పనికిరాదు టీచరమ్మా" అంది. ఆ పిల్ల నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

అంతలో నా ఫోన్‌లో గ్రూపు మెసేజ్ మోగింది. మేడమ్! ఈ వారం ఫోటోలేవీ అని. నా చేతిలో ఫోన్ చూడగానే పిల్ల చేటను ముందుకు లాక్కుని, నిటారుగా కూర్చుని నవ్వింది. తీయలేదని రాయాలని ఉంది. తీశాను. పంపాను. నిమిషంలో చప్పట్ల బొమ్మలు వచ్చాయి. థూ, నా బతుకు అనిపించింది.

విత్తనం పడ్డాక తల్లి మాట తప్పకుండా పిల్లను తెచ్చి వదిలింది. అప్పటికి నా సొంత దుడ్లతో నిజం పూసలు కొని పెట్టుకున్నాను, పాపం కడుక్కుందామని. పిల్లల ముందు పోశాను. ఒకడు చెవిలో పెట్టుకున్నాడు, ఒకతి గుప్పిళ్లతో పైకి విసిరింది, ఒకటే గోల. ఈ పిల్ల తలెత్తకుండా తన వంతు పూసలు రెండు కుప్పలు చేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"అయిపోయినాయి టీచరమ్మా. ఇంగా ఉండాయా?"

"లేవమ్మా. అన్నీ కలిపేసి ఆడుకోపో" అన్నాను.

పిల్ల గబుక్కున రెండు కుప్పల మీదా చేతులు అడ్డం పెట్టింది.

"కలిపితే తిడ్తారు" అంది.