రాకాసి గూళ్ల దగ్గర నా గొంతు

దయ్యం అనే మాట వింటే నాకు నవ్వొచ్చేది. మణుగూరు దగ్గర బొగ్గు గని ఆఫీసులో గుమాస్తాగా చేశాను. భూమి లోపలికి రోజూ దిగే మనుషుల మధ్య బతికినవాణ్ణి, ఇలాంటి వాటికి తీరికేదీ? ఇప్పటికీ నమ్మననే అంటాను. కానీ ఈ ఒక్కటి నాకు మింగుడు పడలేదు.

భద్రాచలంలో గుడి చూశాక ఒక రోజు మిగిలిందని, అడవిలో రాకాసి గూళ్లు చూసొస్తామని అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. నీళ్లు మోసుకెళ్లండి, అక్కడ తాగే నీళ్లు దొరకవు. పక్క గూడెం నుంచి ఒకరిని వెంట తీసుకెళ్లండి. పిల్లల మీద నుంచి చూపు తిప్పకండి. నేను తిప్పాను.

ఎనభైల్లో ఒక ఆదివారం. నేను, నా భార్య కమల, ఆరేళ్ల మా అమ్మాయి సుజాత బస్సు దిగి అడవిలో గంట నడిచాం. గూడెం పెద్దాయన ముత్తయ్య దారి చూపించాడు. గూళ్లంటే ఏ కాలానివో సమాధులు. నాలుగు బండలు నిలబెట్టి, పైన ఒక పెద్ద బండ మూత. కొన్నిటికి ఒక పక్క చిన్నపిల్లలు దూరేంత గుండ్రటి కన్నం ఉంటుంది.

అన్నం మూట విప్పి తలెత్తేసరికి సుజాత లేదు.

పేరు పెట్టి గట్టిగా అరిచాను. ముత్తయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "పేరు పెట్టి పిలవకు సారూ. అడవిల మేం ‘ఓ’ అని కూత పెడతం. పేరు పిలిస్తే ఎవలన్న పలుకుతరు."

ఒళ్లు మండింది. బిడ్డ కనపడక నేను చస్తుంటే ఈయన గోలేంటి అనుకున్నాను. మళ్లీ అరిచాను.

పలికింది. "నాన్నా" అని, వాగు వైపు నుంచి. మా అమ్మాయి గొంతే. పరిగెత్తాను. దగ్గరికి వెళ్తే ఆ గొంతు ఇంకాస్త దూరంలో వినిపించేది. చెప్పు తెగింది, ముళ్లకు చొక్కా చినిగింది. ఏ మడుగులో పడిందోనని ప్రతి నీటిగుంటలో చేతులు పెట్టి వెతికాను. దేవుడా, నన్ను తీసుకో, దాన్ని వదిలెయ్ అని ఏడ్చాను. దండం పెట్టే అలవాటు కూడా లేనివాణ్ణి నేను.

రెండు గంటలు దాటాక వెనక నుంచి ముత్తయ్య కూత వినపడింది.

మేం మూట విప్పిన చోటికి పది అడుగుల్లో ఉన్న గూట్లో దొరికింది సుజాత. అదే గూట్లోకి కమల, ముత్తయ్య ఇద్దరూ అంతకుముందు రెండుసార్లు వంగి చూశారట, ఖాళీగా ఉందట. కమల దాన్ని ఒళ్లో వేసుకుని, "ఏడికి పోయినవయ్యా ఇంతసేపు" అని నన్ను చూసి భోరుమంది.

ఆ ఏడుపు సుజాతకు అర్థం కాలేదు. "నాన్న ఏడికీ పోలేదమ్మా. నా పక్కనే కూసున్నడు. భయపడకు బిడ్డా, అమ్మ వస్తది అన్నడు. నా చెయ్యి పట్టుకున్నడు," అంది.

నా చేతులకు వాగు బురద ఇంకా ఆరలేదు.

బండల మధ్య ప్రతిధ్వని అంటారు కొందరు. గొంతు వరకూ ఒప్పుకుంటాను. దాని చెయ్యి పట్టుకున్నదెవరు?

సుజాతకిప్పుడు ఇద్దరు పిల్లలు. దేనికీ జడవని మనిషి. ఆ రోజు నాన్న పక్కనే ఉన్నాడని వాళ్లకు గొప్పగా చెబుతుంది. నేను లేనమ్మా అని చెప్పడానికి నాకు ఇంతవరకూ నోరు రాలేదు.