హెడ్మాస్టారి కుడిపక్క కుర్చీ

నా ఆఖరి పోస్టింగు చోడవరం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో, డ్రాయింగు మాస్టారుగా. జూన్‌లో బడులు తెరిచిన రోజునే చేరేను. ఫోటోలు తీయడం, వాటిని కంప్యూటర్లో దిద్దడం నాకు వచ్చని తెలిసిన దగ్గర్నుంచి పిల్లలకి బొమ్మలు నేర్పడం కన్నా ఆ పనే ఎక్కువైపోయింది. ఇది మా హెడ్మాస్టారు సన్యాసిరావు గారు రిటైరైన ఏటి సంగతి.

ఆయన శాలువా వద్దన్నారు, విందు వద్దన్నారు. స్టాఫంతా ఉన్న ఒక్క గ్రూపు ఫోటో మాత్రం కావాలన్నారు. అంత సర్వీసు చేసినా అలాంటిది తన దగ్గర ఒక్కటీ లేదుట. కోరిక చిన్నదే. చిక్కల్లా కుర్చీల దగ్గర వచ్చింది.

గ్రూపు ఫోటోకి మా బడిలో ఒక పద్ధతి ఉంది. ముందు మూడు కుర్చీలు వేస్తారు. మధ్యది హెడ్మాస్టారిది, ఆయన కుడిపక్కది స్టాఫులో సీనియరుది, ఎడమపక్కది ఆ తర్వాతి వారిది. మిగతా అందరూ వెనక నిలబడాలి. మా లెక్కల మాస్టారు అప్పలనాయుడు గారూ, సోషల్ మాస్టారు రమణమూర్తి గారూ ఒకే రోజున ఉద్యోగంలో చేరేరు. ఉదయం పూట చేరేను కాబట్టి నేనే సీనియరునని నాయుడు గారు. ఎంపిక జాబితాలో నా పేరే పైనుంది కాబట్టి నేనని మూర్తి గారు. ఏళ్ళ తరబడి ఇదే తగువు. ఫోటో రోజున ఇద్దరూ సెలవు చీటీలు పంపించేరు. ఒకరికి కడుపునొప్పి. రెండో ఆయనకీ కడుపునొప్పే.

హెడ్మాస్టారి మొహం చూస్తే జాలేసింది. "రెండు కుర్చీలూ ఖాళీగా ఉంచి తీసేస్తాను సార్, వాళ్ళని తర్వాత అతికిస్తాను" అని గొప్పగా చెప్పేను. కెమేరాకి టైమరు పెట్టి, నేనూ వెళ్ళి వెనక వరసలో నిలబడ్డాను. అతికించడమంటే, వేరే ఫోటోలోంచి మనిషిని అంచు వెంబడి కత్తిరించి, ఒక పొరలాగా అసలు ఫోటో మీద పరిచి, సైజూ రంగూ వెలుతురూ కలపడం. వెలుతురు కలవకపోతే మొహం ఒకరిదీ మెడ ఇంకొకరిదీ లాగుంటుంది. అందుకని ఇద్దరినీ అదే గోడ దగ్గరికి, అదే వేళకి, వేర్వేరు రోజుల్లో రమ్మన్నాను. వచ్చేరు. ఇద్దరూ తిన్నగా వెళ్ళి కుడిపక్క కుర్చీలోనే కూర్చున్నారు మహానుభావులు.

అప్పుడు నాకొక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. రెండు ఫోటోలు తయారుచేసేను. నాయుడు గారు కుడివైపున్నది నాయుడు గారికి, మూర్తి గారు కుడివైపున్నది మూర్తి గారికి ఇచ్చేను. ఇద్దరూ తెగ మెచ్చుకున్నారు. మధ్యాహ్నం భోజనాల వేళకి రెండు ఫోటోలూ స్టాఫు రూములో ఒకే బల్ల మీదికి చేరేయి. ఆ తర్వాత నన్నన్న మాటలు ఇక్కడ రాయను.

గోడకి తగిలించాల్సింది ఒక్కటే ఫోటో. రిటైర్మెంటు ఇంకా రెండు రోజులుంది. తల ప్రాణం తోకకొచ్చింది. హెడ్మాస్టారే నన్ను పిలిచి, "మద్దిన నేనుంటేనే కదా బాబూ కుడీ ఎడమా అని వస్తంది. నన్ను తీసి ఎనక అటెండరు పక్కన నిలబెట్టీ. వాళ్ళిద్దర్నీ కూకోనీ" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేయి. చెప్పినట్టే చేసేను. వెనక నిలబడేవాళ్ళకి కాళ్ళు అక్కర్లేదు, నడుము పైభాగం చాలు. ఆయన లేచిన చోట పక్క కుర్చీ బొమ్మనే తెచ్చి వేసేను.

వీడ్కోలు నాడు ఉదయం ఆ ఫోటో గోడకి తగిలించేం. ఇద్దరు మాస్టార్లూ దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. తర్వాత ఇద్దరూ కలిసి నా మీదికొచ్చేరు. వాళ్ళు కలిసి నడవగా చూడ్డం నాకదే మొదలు.

"ఇదేటి మాస్టారూ! పెద్దాయన్ని ఎనకాల నిలబెట్టి మమ్మల్ని కూకోబెట్టేస్తారా? ఊరోళ్ళు మమ్మల్ని ఏటనుకుంటారు?" అని నాయుడు గారు కేకలేసేరు. మూర్తి గారైతే, తమని కూడా తీసి ఆయన పక్కన నిలబెట్టమన్నారు.

"ఎవరు ఏ పక్కన?" అని అడిగేను.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మీ ఇష్టం" అన్నారు.

సభ మొదలయ్యేలోగా ఆ పనీ పూర్తిచేసేను. వెనక అందరూ ఇరుక్కుని నిలబడి ఉన్నారు, ముందు మూడు కుర్చీలూ ఖాళీ. హెడ్మాస్టారు తన కాపీ చూసుకుని, ఒక్కొక్క మొహం మీదా వేలు పెట్టి లెక్కపెట్టి, అందరూ ఉన్నారని పొంగిపోయేరు.

నేను నేర్చుకున్నది ఒక్కటే. ఆ తర్వాత సర్వీసులో ఎన్ని గ్రూపు ఫోటోలు తీసినా, కుర్చీలు మాత్రం వేయించలేదు.