జానెడు తక్కువైన ఇరుసు

రాస్తున్నావా బిడ్డా? కచ్చరం అని రాయి, మనుషులెక్కే గూడుబండి. కారు అని రాసేవు.

మీ నాన్న కొత్త బండి కొంటానని నాలుగు రోజుల నుంచి ఇంట్లో పంచాయితీ పెట్టాడు కదా. మనుషులు కూర్చునేది కొనాలా, వెనక తొట్టి ఉండి చేను నుంచి మూటలు తెచ్చుకునేది కొనాలా అని. మీరంతా ఒక్కొక్క మాట చెప్పి, చివరికి నన్ను అడిగారు. నేను లేచి లోపలికి పోయాను. ముసలిదానికి కోపమొచ్చింది అనుకున్నారు. కోపం కాదు. బండి ఏది కొనాలో నేనొకసారి చెప్పాను. మళ్లీ చెప్పను.

మా ఊరు తెలకపల్లికి కోసెడు దూరం. నిజాం కాలం. నాకప్పుడు పదకొండో పన్నెండో. నాయన, అమ్మ, అక్క, నేను, అంతే మా ఇల్లు. మెట్ట సేద్యం, జొన్నలు, ఆముదాలు. ఒక జత ఎద్దులు, ఒక పెద్ద బండి. ఆ బండి చక్రాలు నా ఎత్తు ఉండేవి. చేనుకు పెంట తోలినా అదే, ఆముదాలు కల్వకుర్తి అంగడికి తోలినా అదే, జాతరకు పోయినా అదే. కడిగేవాళ్లం, ఎండబెట్టేవాళ్లం, చాప పరిచేవాళ్లం. అయినా ఎండ తగిలేసరికి పలకల సందుల్లోంచి వాసన లేచేది. మాకు అలవాటే. మాకది మా ఇంటి వాసన.

అక్కకు పెళ్లి చేసి కల్వకుర్తి అవతలి ఊరికి పంపింది కూడా ఆ బండిలోనే. అక్క దిగుతుంటే పట్టుచీర కుచ్చిళ్లకు ఎండిన పెంట గడ్డ అంటుకొని ఉంది. వాళ్ల అత్త వాకిట్లో నిలబడి చూసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, మా నాయనతో అన్నది.

"ఏమన్నా, కోడల్ని తోలుకొచ్చినవా, మా చెల్కకు ఎరువు తోలుకొచ్చినవా?"

వాకిలంతా నవ్వింది. మా నాయన కూడా నవ్వాడు, ఏం చేస్తాడు. నేను అక్క చేయి పట్టుకొని ఉన్నాను. ఆ చేయి ఒక్కసారిగా చల్లబడ్డది. అది నాకొక్కదానికే తెలుసు.

ఏడాది తిరక్కుండానే అక్కకు నెల తప్పిందని కబురు వచ్చింది. తొలికాన్పు మా ఇంట్లోనే కావాలి. ఏడో నెలలో తెచ్చుకోవాలి. ఎనిమిదో నెల పడిందంటే ఇక ఆడపిల్లను కదిలించరు, పొలిమేర దాటించరు. ఇప్పటి వాళ్లు నవ్వుతారు గానీ, అప్పుడది రాతిమీది గీత.

ఇంట్లో బండి మాట మొదలైంది. ఒకనాడు సాయంత్రం మా ఊరి వడ్లాయన వాకిట్లో కూర్చొని ఉన్నాడు. నాగళ్లు, గుంటకలు, బండ్లు, ఊరందరికీ ఆయనే చేసేవాడు.

"పటేలా, నా మాటిను," అన్నాడు. "మీ బండికి ఏం రోగమొచ్చింది? ఇరుసు ఇనుమున్నట్టుంది. పైన వెదురు బద్దలతోని గూడు గడ్త. లోపట బొంత పరుసు. నీ బిడ్డ మంచంల పండుకున్నట్టే వస్తది."

అమ్మ జొన్నలు చెరుగుతూనే అందుకుంది. "బండికి గూడు గడ్తవు సరే, ఆమె అత్త ముక్కుకు ఏం గడ్తవు?"

వడ్లాయన పడి పడి నవ్వాడు. నాయన నవ్వలేదు. "కచ్చరమే కొందామంటే, అది మనుషులకే పనికొస్తది. ఏడాదికి నాలుగు మాట్ల కడ్తం. తక్కిన దినాలు ఎద్దుల మొఖం సూసుకుంట కూసుంటద? ఉన్న బండి ఇంకో రెండేండ్లు గుంజదు. కొత్త పెద్దబండే చేయించుకోవాలె."

"నాయినా, నేనైతే పెంటబండిల రాను," అన్నాను నేను. "అక్క కూడ రాదు."

మా నాయన నా మాట తీసేసేవాడు కాదు. మగపిల్లలు లేని ఇల్లు. చిన్నదాన్ని. నేను చెప్పిందే సై.

వనపర్తిలో ఒక పెద్దింట్లో కచ్చరం అమ్ముతున్నారని తెలిసింది. నేనూ పోతానని ఏడ్చాను, తీసుకుపోయాడు. రెండు రోజుల నడక. ఆ ఇంటి పెద్దావిడ అరుగు మీద కూర్చొని తమలపాకులు తుడుస్తున్నది.

"మా కోడలు గద్వాల నుంచి గిండ్లనే వచ్చింది," అన్నది. "ఇప్పుడు మా వాండ్లు మోటారు తెచ్చిండ్రు. దానికి గడ్డెయ్యొద్దంట. నీల్లు మాత్రం తాగుతదంట. నడువకపోతే అందరం దిగి నూకాలె, గంతే."

ఆ కచ్చరం ఎట్లా ఉందంటే బిడ్డా, చిన్న గది. వంపు తిరిగిన గూడు, లోపల ఎర్ర గుడ్డ, పక్కన పట్టుకోవడానికి నున్నటి కర్ర, కాడికి ఇత్తడి గజ్జెలు. నేనెక్కి కూర్చున్నాను. ఇక దిగలేదు. నాయన చక్రాల ఆకులు ఒక్కొక్కటి తట్టి చూశాడు, చక్రం పైకెత్తి తిప్పి చెవి పెట్టి విన్నాడు, కాడి ఎద్దుల మెడకు సరిపోతుందా చూశాడు. వనపర్తి వీధిలో ఇటు కొసకు, అటు కొసకు తోలి చూశాడు. పువ్వులా పోయింది. బండి కొనేవాడు బండిని చూస్తాడు. బాటను చూడడు. బాట మన ఊరి దగ్గర కదా ఉంది, ఎట్లా చూస్తాడు?

వచ్చేటప్పుడు అక్కడక్కడ కొద్దిగా ఒరిగింది. ఎద్దులకు కొత్త కదా అన్నాడు నాయన.

ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చి చూసిపోయారు. చివరికి వడ్లాయన వచ్చాడు. కిందికి వంగి, కొలతకట్టె ఈ చక్రం నుంచి ఆ చక్రానికి పెట్టాడు. మళ్లీ మా పెద్దబండికి పెట్టాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"జానెడు తక్కువున్నది పటేలా."

ఇది నీకు అర్థమయ్యేటట్టు చెప్పాలి. అప్పుడు బాటంటే పెద్దబండ్లు నడిచి నడిచి చేసిందే. రెండు చక్రాలకు రెండు జాడలు. ఎర్రనేలలో పైపైన ఉంటాయి. నల్లరేగడిలో వాన పడితే మోకాలి లోతు దిగుతాయి, ఎండ కాస్తే రాయిలా గట్టిపడతాయి. ఊళ్లల్లో బండ్లన్నీ ఒకే వెడల్పు. రెండు చక్రాలూ రెండు జాడల్లో పడితే తోలేవాడు నిద్రపోయినా ఎద్దులు ఇల్లు చేరుస్తాయి. జానెడు తక్కువైన బండికి ఒక చక్రం జాడలో పడుతుంది, రెండోది గట్టుమీద నడుస్తుంది. బండి ఒక పక్కకు ఒరిగి పోతుంటుంది.

"ఇరుసు మార్చాలె," అన్నాడు వడ్లాయన. "తుమ్మకట్టె చెక్కాలె, కమ్మరాయన కాడ ఇనుము తొడిగియ్యాలె. ఎనిమిది దినాలు."

అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఎనిమిదో నెల పడేందుకు ఆరు రోజులే ఉన్నాయి.

"అట్లయితే పెద్దబండే కట్టుకొని పోదాం," అన్నాడు నాయన. "కచ్చరం ఇరుసు తాపీగ మార్పిద్దాం."

నేను కచ్చరం ముందర అడ్డం పడుకున్నాను. "మల్ల పెంటబండేనా? మల్ల అక్కను సూసి అందరు నవ్వాల్నా?" అని ఏడ్చాను. లేచి, నా చేయి చాపి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా నాయన ముఖం ముందు పెట్టి చూపించాను.

"జానెడే గద నాయినా! ఇగో, గింతనే!"

పదకొండేళ్ల పిల్ల జానెడు ఎంతుంటుంది? నాయన ఆ చేతిని చూసి నవ్వాడు. వడ్లాయన వైపు చూడకుండా, "సరే తియ్యి, నేను పక్కన నడుస్త," అన్నాడు.

నేనూ నాయనా పోయాం. పోయేటప్పుడు బండి ఒరుగుతుంటే తాగినోడి నడకలా ఉందని నవ్వుకున్నాం. అక్క అత్తగారు వాకిట్లోకి వచ్చి కచ్చరం చుట్టూ తిరిగింది. ఎర్ర గుడ్డ ముట్టుకొని చూసింది. "అన్నా, ఇగ జర పెద్దమనిషి లెక్కున్నవ్," అన్నది. అక్క గడపలో నిలబడి నా వైపు చూసింది. ఆ ముఖం ఎట్లా వెలిగిందో చెప్పలేను. ఆ చూపు కోసమే నేను అంత రభస చేసింది. నాకది దొరికింది. దొరికిందని కూడా రాయి.

మరునాడు బయల్దేరాం. బండిలో అక్కా నేనూ. నాయన ఒరిగే వైపు భుజం ఆనించి నడుస్తూ, ఎద్దులను అదిలిస్తున్నాడు.

"అటు జరుగవే, నా పొట్టకు జాగియ్యి," అన్నది అక్క.

"నీ పొట్టకు ఇంకో బండి గావాలె."

"ఉండు, పుట్టినంక వానితోనే తన్నిపిస్త నిన్ను. ఇగో, ఇప్పుడే తంతుండు సూడు." నా చేయి తీసుకొని పొట్ట మీద పెట్టుకుంది. తన్నాడు. నేను కెవ్వుమని అరిచాను. నాయన బయటి నుంచి ఏమైందే అన్నాడు. ఇద్దరం చెప్పలేదు, నవ్వాం.

వాగు దాటాక రేగడి మొదలైంది. అంతకుముందు వారమే అక్కడ వాన పడి ఎండింది. జాడలు గోతుల్లా ఉన్నాయి. నేను బయటకు చూడాలని ఎత్తున్న వైపు కూర్చున్నాను, అక్క పల్లం వైపు. "నాయినా, దిగి నడుస్త," అన్నది అక్క. "వద్దు బిడ్డా, గా తుమ్మచెట్టు దాంక పోతె ఎర్రనేల వస్తది," అన్నాడు నాయన. తుమ్మచెట్టు కనబడుతూనే ఉంది.

జాడలో ఒకచోట ఇంకా లోతు గుంట. ఒక చక్రం దాంట్లోకి దిగింది, గట్టు మీది చక్రం పైకి లేచింది. నాయన భుజం ఆపలేకపోయింది. కచ్చరం పక్కకు పడిపోయింది. అక్క కింద పడ్డది. నేను అక్క మీద పడ్డాను.

ఇంతకాలం బండి తిరగబడ్డదనే చెప్పాను అందరికీ. నేను అక్క మీద పడ్డానని ఎవరికీ చెప్పలేదు. నువ్వు రాసుకో.

కొంతసేపటికి జొన్నచొప్ప తోలుకుపోయే పెద్దబండి ఒకటి వచ్చింది. సగం చొప్ప కింద పడేసి అక్కను దాని మీద పడుకోబెట్టారు. ఆ బండి రెండు చక్రాలూ రెండు జాడల్లో పెట్టుకొని, ఒక్క కుదుపు లేకుండా, మా ఊరి దాకా పోయింది. నేను వెనక నడుస్తూ ఆ చక్రాలనే చూశాను.

మగపిల్లవాడు. ఏడో నెల బిడ్డ. పిడికిలంత ముఖం. మంత్రసాని దూదిలో పెట్టింది. ఒక పూట ఉన్నాడు. ఏడుపు కూడా సరిగ్గా వినబడలేదు.

అమ్మ అడిగింది నాయనను, ఇరుసు మార్చకుండా ఎందుకు తోలినవు అని. నాయన, "నాకే బుద్ధి లేకుండె," అన్నాడు. నేను అక్కడే గోడకు ఆనుకొని ఉన్నాను. నాయన నా వైపు చూడలేదు. నేను నోరు తెరవలేదు.

కచ్చరాన్ని వడ్లాయన ఇంటికి చేర్చారు. మూడో రోజుకే ఇరుసు వేసి పంపాడు. ఎనిమిది రోజులన్నావు కదా అంటే, ఆయన తల వంచుకొని చెప్పాడు: "కట్టె ఆనాడే చెక్కి పెట్టిన పటేలా. నువ్వు మనసు మార్చుకొని వస్తవనుకున్న."

మూడు రోజులు. ఎనిమిదో నెలకు ఆరు రోజులుండె.

అక్కకు మళ్లీ కడుపు రాలేదు. అత్తగారింటి వాళ్లు రెండేళ్లు చూసి, అతనికి ఇంకో పిల్లను తెచ్చారు. అక్క మా ఇంటికే వచ్చేసింది. అక్కణ్నుంచి నడిచి వచ్చింది, బండి ఎక్కలేదు. తర్వాత నాగర్‌కర్నూల్ పోయినా, లింగాల దిక్కు చుట్టాల ఊరు పోయినా, నడకే. కచ్చరంలో ఇంట్లో ఎవరూ కూర్చోలేదు. నాయన గూడు తీసేసి దాంతో కట్టెలు, పశువుల మేత తోలాడు. ఎర్ర గుడ్డ ఎటు పోయిందో తెలియదు.

నేను ఈడేరి అత్తగారింటికి పోయే రోజు వచ్చింది. నాయనకు పెద్దబండే కట్టాలని ఉండె. కానీ అప్పటికి దాని చక్రాల ఆకులు ఊడిపోయి మూలన పడి ఉంది. ఉన్నది కచ్చరమే. నేను ఎక్కనన్నాను. అక్కే వచ్చి నా చేయి పట్టుకొని ఎక్కించింది. "ఎక్కవే. కొత్త చీరె దుమ్ముబట్టిచ్చుకుంటవా? నేను పక్కన నడుస్త."

నాయన నొగల మీద కూర్చొని తోలుతున్నాడు. వెనక నేను ఒక్కదాన్నే. అక్క పక్కన, ఒక చేయి బండి కర్ర మీద పెట్టుకొని నడుస్తున్నది. ఇక మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. జానెడే కదా అన్నది నేనేనని. ఊరు దాటింది, చెప్పలేదు. ఆ తుమ్మచెట్టు దాటింది, చెప్పలేదు. రేగడి వచ్చింది. "అక్కా" అన్నాను.

ఆమె నన్ను చూడలేదు. తల వంచుకొని చక్రాన్నే చూస్తూ నడుస్తున్నది.

"సూడవే," అన్నది, "ఎంత సక్కగ జాడల్నే పోతుందో."